మా ఊరి వాసనకు సాక్షి

మొన్న మా మనవరాలు బడిలో ఇచ్చిన పని ముగించుకుని, "మా నిజామాబాద్ చాలా అందమైన పట్టణం" అని రాసుకొచ్చి చూపిస్తే, నా నోటి నుంచి అనుకోకుండానే "సాక్షి ఏది?" అన్న మాట వచ్చేసింది. పిల్ల బిత్తరపోయి నావైపు చూసింది. ఆ మాట నిజానికి నాది కాదు, అరవయ్యో దశకం చివర బోధన్ హైస్కూల్లో నాకు తెలుగు చెప్పిన సారుది.

వరంగల్ దిక్కు నుంచి బదిలీ మీద వచ్చిన ఆ సారు వారం వారం మా చేత ఏదో ఒకదాన్ని వర్ణిస్తూ ఒక పేరా రాయించేవారు. సాక్షి లేని మాట పంచాయితీలో ఎట్లా నిలవదో, ఆధారం లేని వాక్యం పేరాలో అట్లే నిలవదని ఆయన పట్టు. ఎండ మండిపోతోందని రాసి ఊరుకుంటే ఒప్పుకునేవారు కాదు, చెరుకుబండి కింద నాలుక వేలాడేసుకుని పడుకున్న కుక్కనైనా తెచ్చి చూపించాలి. "చాలా", "ఎంతో" కనబడితే ఎర్రసిరాతో కొట్టేసేవారు. ఆ అలవాటు నాకు ఎంతగా అంటుకుందంటే, పెళ్ళిభోజనం బాగుందని ఎవరైనా అంటే ఏం బాగుందో చెప్పమని ఇప్పటికీ సతాయిస్తాను.

ఆ ఏడు నిజామాబాద్‌లో జిల్లా బడులన్నిటికీ రచనల పోటీ పెట్టారు, బడికి ఒక్కరికే అవకాశం. చెరుకు రైతైన మా బాపు ఆడపిల్లకు హైస్కూలు చాలని, కాలేజీ మాట ఎత్తవద్దని అప్పటికే తేల్చేశాడు. పోటీలో గెలిస్తే బాపుతో తాను మాట్లాడతానని సారు మాటిచ్చారు కనుక, నా చదువంతా ఆ ఒక్క పేరా మీదే ఆధారపడింది.

ఎంపిక కోసం ఊరి గురించి రాయమన్నారు. చక్కెర ఫ్యాక్టరీ ముందు బారులు తీరిన బండ్లు, వెనక నుంచి చెరుకుగడలు లాక్కుని నమిలి పెదవులు కోసుకునే పిల్లలు, సైరన్ వినగానే పొయ్యి ముట్టించే మా అవ్వ, అన్నీ రాశాను. సారు అందరి పేరాలూ చదివి పెదవి విరిచారు.

"ఊరంత రాసిండ్రు గని, ఊరి వాసన ఒక్కరు రాయలే."

మేం ఒకరి మొహం ఒకరం చూసుకుని, ఏం వాసన సార్ అని అడిగాం. ఆయన కడుపు పట్టుకుని నవ్వి, బయటికి పోయి వస్తే తెలుస్తుందని, మళ్ళీ రాయమని చెప్పారు.

ఆ ఆదివారమే బాపు నన్ను ధర్పల్లిలో మా మేనత్త ఇంటికి తీసుకుపోయాడు. పసుపు ఉడకబెట్టే రోజులు. వాకిట్లో అడుగు పెట్టగానే ఘాటు నా ముక్కులోకి దూరింది. అత్తతో అదే అంటే, "మా ఇంట్ల వాసనేందే?" అని చుట్టూ చూసింది. ఎవరింటి వాసన వాళ్ళ ముక్కుకు తెలియదని అప్పుడు వెలిగింది. తిరుగు ప్రయాణంలో మాతో బయలుదేరిన అత్త, బస్సు బోధన్ పొలిమేరకు రాకముందే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను గుండెల నిండా పీల్చాను. మాడిన బెల్లం, పులిసిన కల్లు, తడిసిన చెరుకుపిప్పి కలిసిన వాసన. అన్నేళ్ళుగా అందులోనే పెరిగి, అప్పుడు మొదటిసారి తెలుసుకున్నాను.

మా ఊరు కంటి కంటే ముందు ముక్కుకే ఎదురొస్తుందని మొదలుపెట్టి, అత్త కొంగును సాక్షిగా నిలబెట్టాను. సారు నన్నే పంపారు. నిజామాబాద్‌లో పోటీ రోజున, మీకు బాగా తెలిసిన చోటును వర్ణించమంటే నా కలం ఆగలేదు. మొదటి బహుమతి నాదే. సారు ఇంటికొచ్చి ఆ పేరా నా చేతే బాపుకు చదివించారు. బాపు అంతా విని, వాకిట్లోకి పోయి గాలి పీల్చి వచ్చాడు.

"అవు బిడ్డా, వస్తున్నది. ఇన్నేండ్లు నాకే తెల్వకపాయె. సారూ, కాలేజీకి పంపుత."

ఆ క్షణం నాకు కలిగిన గర్వం మళ్ళీ దేనికీ కలగలేదు. తర్వాత నేనూ తెలుగు పంతులమ్మనై, నా బడిపిల్లలందరినీ సాక్షి ఏదని సతాయించాను.

ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. ఈ మధ్య బోధన్‌లో బస్సు దిగి ఎంత పీల్చినా దుమ్ము తప్ప ఏమీ తగలలేదు, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న మనిషి ఒక్కరూ కనబడలేదు. ఇదంతా చెబితే మనవరాలు శ్రద్ధగా విని, కొంటెగా అడిగింది.

"సాక్షి ఏది అమ్మమ్మా?"

బాపు లేడు, అత్త లేదు, సారూ లేరు. నేనున్నాను కదే అన్నాను.