గాలి పాడుచేసే ఉద్యోగం

ల్యాబులో అడుగుపెట్టగానే ఆమె చేసే మొదటి పని గాలిని పాడుచేయడం. పొడవాటి బల్లకు ఒక చివర లేజరు చుక్క ఉంటుంది. అదే వాళ్ల నక్షత్రం. దాని ముందు గరుకు గాజు పళ్లెం తిరుగుతుంటే, గాలి పొరల్లోంచి చూసిన చుక్కలాగే అదీ వణుకుతుంది. రెండో చివర అరచేతిలో ఇమిడే అద్దం. దాని వెనక సన్నటి కడ్డీలు సెకనుకు వెయ్యిసార్లు అద్దాన్ని వంచి ఆ వణుకును మాన్పిస్తాయి. ఈ బల్ల బాధ్యతంతా ఆమెదే. కుర్ర ఇంజనీర్లు ఆమెను గాలక్క అంటారు.

వచ్చే నెల ఆ అద్దం కొండమీది టెలిస్కోపుకు వెళ్లాలి. అద్దంతో పాటు ఆమె కూడా. తను సాకిన అద్దంలో నిజం నక్షత్రాన్ని ఒక్కసారి చూడాలని ఆమె ఆశ. గాలి కదలికను ముందే కనిపెట్టి అద్దాన్ని వంచే కొత్త ప్రోగ్రాం వచ్చాక ఫలితాలు అదిరిపోయాయి. అద్దం సరిదిద్దాక మిగులుతున్న తప్పు నలభై నానోమీటర్లే.

ఆ ఉదయం భర్త నడిపే సిటీ బస్సులోనే ఆమె పనికి బయల్దేరింది. రోడ్డు తవ్వేశారని బస్సును పక్క వీధిలోకి మళ్లించారు. అక్కడ కనిపించిన గుంటనల్లా చక్రం పలకరించింది.

"ఏం డ్రైవరూ, కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా?" అన్నాడు వెనక సీటు ముసలాయన, నడుం పట్టుకుని.

"మన రూట్లో గుంటలన్నీ నాకు చుట్టాలు తాతా! కళ్లు మూసుకుని తప్పిస్తా. వీటితో ఇప్పుడేగా పరిచయం!"

బస్సంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. తమ గాజు పళ్లెం కూడా ఒక చుట్టు తిరిగి మళ్లీ అదే గాలిని తెస్తుంది. ఏడాదిగా అదొక్కటే పళ్లెం.

ల్యాబుకు వెళ్లి పళ్లెం తిప్పే మోటారు తీగలు రెండూ అటుదిటు, ఇటుదటు మార్చింది. పళ్లెం వెనక్కి తిరిగింది. తెరమీద చుక్క చెదిరి చిందరవందరైంది. ప్రోగ్రాం గాలిని చదవడం లేదు. పళ్లాన్ని బట్టీ పట్టింది.

తీగలు యథాప్రకారం బిగించి ఊరుకుంటే చుక్క మళ్లీ బుద్ధిగా నిలబడుతుంది. స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని ఆమె చాలాసేపు అలాగే కూర్చుంది. ల్యాబు పెద్దసారు ప్యాకింగ్ స్పాంజి చంకలో పెట్టుకుని వచ్చేదాకా.

"ఏమ్మా, సర్దడం మొదలెడదామా?"

"ముందు ఇది చూడండి సార్. పళ్లెం వెనక్కి తిప్పా."

ఆయన చూశారు. స్పాంజిని కుర్చీలో పడేశారు.

"తిప్పకుండా ఉండాల్సిందమ్మా."

"నాకూ అలాగే అనిపించింది సార్. కానీ కొండమీది గాలి మనకు చుట్టం కాదుగా."

"చుట్టమేంటి?"

"మా ఆయన మాటలెండి."

సారు ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి టెలిస్కోపు దగ్గర వాళ్ల వంతు ఇంకో బృందానికి పోయింది. మళ్లీ అవకాశం ఏడాదిన్నర తర్వాతే.

మధ్యాహ్నం ఆమె అలమరలోంచి రెండో పళ్లెం తీసి, మొదటిదాని ముందు బిగించింది. వేగం వేరు, తిరిగే దిక్కు వేరు. ఇక వచ్చిన గాలే వెంటనే మళ్లీ రాదు, బట్టీ పట్టడం కుదరదు. ప్రోగ్రాంకు మొదటినుంచి నేర్పి, సాయంత్రం కొలిచింది.

మిగిలిన తప్పు: నూట పదమూడు నానోమీటర్లు.