ఖైదీ చేతి పప్పు

తాండూరు నుంచి వికారాబాద్ వెళ్లే బస్సులో నా పక్కన ఒక ఖైదీ కూర్చున్నాడు. అతని బేడీల గొలుసు అవతలి సీటులోని కానిస్టేబుల్ చేతిలో ఉంది. శిక్ష పడినవాళ్లను పెద్ద జైలుకు పంపాలట. అక్కడ పని చేస్తే శిక్షలో కొన్ని రోజులు తగ్గుతాయట. ఇతన్ని మాత్రం నాలుగు నెలలుగా చిన్న జైలులోనే ఉంచేశారు.

ఎందుకని అడిగాను.

"నా చేతి కందిపప్పు మా జైలు సారుకు మస్తు నచ్చిందక్కా. పెద్ద జైలుకు పంపే కాయితం ఎప్పుడంటే రేపు, ఎల్లుండి అంటుండె. ఇంటికాడ నా బిడ్డ ఎదురుచూస్తున్నది. ఇగ వారం దినాలు పప్పుల ఉప్పు గుమ్మరిచ్చిన. కాయితం వచ్చింది."

కానిస్టేబుల్ ఇటు తిరిగాడు. "కావాలనే ఏసినవా? నేను గూడ అదే తిన్న కదరా."

"నీకు చెప్తే సారుకు చెప్తవని ఫికరైందన్నా."

వికారాబాద్‌లో దిగేముందు కానిస్టేబుల్ మెల్లగా అన్నాడు. "ఆడ మటుకు వంట వస్తదని చెప్పకు."

ఖైదీ బుద్ధిగా తల ఊపాడు. ఒక మెట్టు దిగి నావైపు తిరిగాడు. "అక్కా, పప్పును జర దోరగ ఏంచి ఉడకవెట్టు."

అప్పటినుంచి అలాగే వండుతున్నాను. ఎవరు నేర్పారని మావాళ్లు అడిగితే, బస్సులో కలిసిన ఒకాయన అని మాత్రం చెబుతాను.