కాశీలో వదిలిన కూర

మా రోజుల్లో ఇంట్లో ఏముందో చూసుకుని వండేవాళ్లం. ఏం తినాలనుందో అనుకుని వండడం ఇప్పటి పిల్లల దగ్గరే చూస్తున్నాను. మా కోడళ్లు పొద్దున్నే వచ్చి "అత్తయ్యగారండీ, ఇవాళేం కూర చెయ్యమంటారు?" అని అడుగుతారు. అలా అడిగే భాగ్యం నాకేదీ? అటక మీద చూడు, మంచం కింద చూడు, ఏది పాడయ్యేలా ఉందో అదే ఇవాళ్టి కూర. కుళ్లేది ముందు, ఎండేది తరవాత, ఊరేది ఆఖర్న అనేవారు మా అత్తగారు. (ఆవిడ జాడీల వరస చూస్తే ఆ ఆఖరు ఈ జన్మలో రాదనిపించేది.)

నేను కాపరానికి వచ్చింది ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టిన కొత్తల్లో. ఇహ గోదావరికి కళ్లెం పడిపోయిందని మగవాళ్లంతా అరుగుల మీద కూచుని తేల్చేసేరు. ఆ సంగతి గోదావరికి ఎవరూ చెప్పలేదు కాబోలు, ఆ శ్రావణంలో ఎర్రనీళ్లు మా పెరట్లోకే వచ్చేయి. మా అత్తవారిల్లు గన్నవరం దగ్గర ఓ లంకలో. మా అత్తగారు కూతురి పురిటికని కొత్తపేట వెళ్లి అక్కడే చిక్కడిపోయేరు. వెళ్లేటప్పుడు పడవలో కూచుని కూడా రేవుకేసి కేకేసి చెప్పేరావిడ: "మంచం కింద కందకి మొలకలొస్తున్నాయే, ముందది వాడెయ్యి. మామ్మగారికి మాత్రం పొట్లకాయ వండిపెట్టు, మరచిపోకు."

పడవలు కట్టేసేరు, ఇహ వారం దాకా సంత మాట తలుచుకోకండి అన్నారు మావయ్యగారు. నాకు భయం వెయ్యలేదు సరికదా, లోపల్లోపల సరదా వేసింది. పదిహేనో ఏటికే వంటిల్లంతా నాదే! ఇంట్లో ఉన్నదంతా తెచ్చి వంటింట్లో నేలమీద రోజుకో కుప్ప చొప్పున ఆదివారం మొదలు శనివారం దాకా పేర్చేసేను. గుమ్మడికాయలు, అరటికాయలు, కొబ్బరికాయలు, వడియాలు. ఇక కంద. విత్తనానికి పోగా మిగిలినదే అయినా, ప్రతి కుప్పలోనూ కందే. మా ఆయన గుమ్మంలోంచి తొంగిచూసి, "సంత లేదన్నారు, ఇక్కడే పెట్టేరే" అన్నారు. నాతో కాదండోయ్, గోడతో. పెద్దవాళ్లున్న ఇంట్లో పగటిపూట పెళ్లాంతో మాట్లాడకూడదు గనక, ఆయన ఏమన్నా గోడతోనే అనేవారు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పొట్లపాదు పందిరితో సహా కొట్టుకుపోయింది. అక్కడ వచ్చింది చిక్కు. మామ్మగారంటే మావయ్యగారి తల్లి. చాలా ఏళ్ల కిందట, తాతగారు ఉండగా, ఇద్దరూ కాలినడకన కాశీ వెళ్లొచ్చేరు. (కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేననే రోజులవి. ఇప్పుడు రైలెక్కి వెళ్లొచ్చి కాళ్లు నొప్పులంటున్నారు.) కాశీ వెళితే గంగలో నిలబడి ఇష్టమైన పండొకటి, కూరొకటి వదిలెయ్యాలి కదా. వదిలితే ఇక జన్మలో ముట్టకూడదు. పండు సీతాఫలమని ఆవిడకి గుర్తుంది. కూర ఏదో మరిచిపోయేరు. చెప్పాల్సిన తాతగారేమో కాలం చేసేరు. అందుకని మా అత్తగారు బాగా ఆలోచించి, అంత చప్పటి పొట్లకాయ మీద ఎవరికీ మోజుండదు, దాన్నెవరూ కాశీలో వదలరు అని తేల్చి, ఏళ్ల తరబడి ఆవిడకి పొట్లకాయే పెడుతున్నారు.

"మామ్మగారండీ, కంద వెయ్యనా?"

"అదేనేమోనే అమ్మాయ్, వద్దు."

"పోనీ అరటికాయ?"

"అదీ అయ్యుండొచ్చు."

"గుమ్మడికాయండీ?"

"ఏమో తల్లీ, పోయే ముందు మాట తప్పమంటావా?"

పప్పు ఆవిడకి పడదు, కారం పనికిరాదు. అసలే ఒంటిపూట భోజనం మనిషి. ఉత్త మజ్జిగన్నంతో రెండు మూడు రోజులు గడిపేరు. మేత మునిగిపోయి ఆవు పాలూ తగ్గిపోయేయి. ఓ పొద్దున్న పీట మీంచి లేస్తూ తూలి గోడ పట్టుకున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయేయి. వైద్యుణ్ణి పిలవాలన్నా పడవ లేదు. మావయ్యగారు ఊళ్లో ఎంతమందికి తగువులు తీర్చే మనిషో, తల్లి ముందు చేతులు కట్టుకుని "ఓ ముద్ద తినమ్మా" అని బతిమాలుతున్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపుతున్నారు. నా కుప్పల గొప్పంతా ఎటు పోయిందో! ఇంట్లో ఇంత తిండి ఉంచుకుని, ఈవిడ నా చేతిలో పస్తుండి పోతుందా అని నాకు ఏడుపొచ్చేసింది.

ఏడుపుతోనే బుద్ధి కూడా పుట్టింది. "మామ్మగారండీ, ఇష్టమైందే కదండీ వదిలేది? మీకు అన్నిట్లోకీ ఏది ఇష్టం?" అన్నాను. ఆవిడ మొహం వెలిగింది. "ఆవ పెట్టిన కందాబచ్చలే! ఎన్నేళ్లయిందో తిని" అన్నారు. "అయితే మీరు వదిలింది అదేనండీ. తతిమ్మావి తినొచ్చు" అన్నాను. "అంతేనంటావా?" "ఆయ్, అంతేనండి." ఆ పూట అరటికాయ కూరతో రెండు ముద్దలు తిన్నారు. మావయ్యగారు నాకేసి చూసిన చూపుకి నేను జానెడు పొడుగు పెరిగేను.

మర్నాడు మగవాళ్లకి కంద తరుగుతున్నాను. చేతులు ఒకటే దురద. మామ్మగారు గుమ్మంలో కూచుని చూసి చూసి, "చింతపండు రాసుకోవే పిచ్చిమొహమా, ఇలా తే" అని కత్తిపీట లాక్కున్నారు. తినకూడదు గానీ తరగకూడదని లేదుగా! ఆ చేతులకి ఎంత అలవాటో, చకచకా ముక్కలు పడుతున్నాయి. కబుర్లు చెబుతూ చెబుతూ ఠక్కున ఆగిపోయేరు.

"నేను కాదే. ఆయన."

"ఏంటండీ?"

"కంద వదిలింది ఆయనే. నేను గంగలో దోసిట్లో నీళ్లు పట్టుకుని కంద అనబోతున్నాను. పక్కనుంచి ఆయన గబుక్కున 'నేను కంద వదిలేస్తున్నాను' అనేసేరు. మీకు కందంటే ఇష్టమే లేదు కదా, దేవుణ్ణి మోసం చేస్తారా అని నేను దెబ్బలాడేను. 'ఇష్టం లేదని నీకెవరు చెప్పేరు? నీకు మిగలాలని వద్దనేవాణ్ణి. ఇప్పుడు నే వదిలేసేను, నువ్వు తిను' అన్నారే." కళ్లు తుడుచుకున్నారు. "ఆయన తినని కూర నేనొక్కదాన్నీ ఎలా వండుకుంటాను చెప్పు? నేనూ మానేసేను. మానేసి మానేసి, నేనే వదిలేననుకున్నాను."

ఆ మాటకి నాకూ కళ్లనీళ్లు ఆగలేదు. అయినా ఊరుకోక, "మరి మీరేం వదిలేరండీ?" అని అడిగేను.

"అనబోయిన కంద ఆయన లాగేసుకున్నారాయె. పంతులు తొందర పెడుతున్నాడు. నోటికి ఏదొస్తే అది అనేసేను." కాసేపు ఆలోచించి, నోటి మీద చెయ్యి వేసుకున్నారు. "పొట్లకాయే!"

అరుగు మీంచి మావయ్యగారు వచ్చేరు. సంగతంతా విని మొహం అదోలా పెట్టి, "తెలియక తిన్నదానికి దోషం లేదమ్మా. పైగా గోదారమ్మే స్వయంగా వచ్చి పందిరి పట్టుకుపోయింది, ప్రాయశ్చిత్తం కూడా అయిపోయినట్టే, ఆయ్" అన్నారు. ఆ మధ్యాహ్నం, చూరు మీదికి పాకి వరదకి అందకుండా మిగిలిన బచ్చలి కోసి, కందలో వేసి ఆవ పెట్టేను. మామ్మగారు కందాబచ్చలి మారు అడిగి వేయించుకుని, నవ్వుతూ, మధ్యమధ్య కళ్లొత్తుకుంటూ తిన్నారు.

అంతకు ముందే మగవాళ్లకి వడ్డిస్తూ నేనో సంగతి కనిపెట్టేను. మా ఆయన కంద ముక్కలు ఆకు అంచుకి నెట్టేసి, "నాకొద్దు, ఆవిణ్ణే తినమను" అన్నారు గోడతో. ఎంతైనా తాతగారి మనవడే! నాకు మిగలాలని కదూ! ఆ రోజు మొదలు ఆయన ఎంత వద్దంటే అంత వడ్డించేదాన్ని. మారు వేసేదాన్ని, మళ్లీ మారు వేసేదాన్ని. ఆయన మాట్లాడకుండా తినేసేవారు. పిల్లలు పుట్టేరు, పెద్దవాళ్లయ్యేరు, మా అత్తగారూ మావయ్యగారూ వెళ్లిపోయేరు, ఆయనకి పళ్లూడిపోయేయి. నా వడ్డన మాత్రం మారలేదు.

మొన్నీమధ్య భోజనాల దగ్గర, "ఓ మాట చెబుతాను, కోప్పడవు కదా?" అన్నారు. (ఇప్పుడు గోడతో కాదు, నాతోనే.) "నాకు నిజంగానే కంద పడదే. చిన్నప్పట్నుంచీ గొంతు దురద."

"మరి ఇన్నేళ్లూ ఎలా తిన్నారండీ?"

"వేసేటప్పుడు నీ మొహం చూసేవాణ్ణి. ఇహ వద్దనబుద్ధి అయ్యేది కాదు."

ఇంట్లో ఎవరూ లేకపోతే ఆ ముసలాయన్ని పట్టుకుని ఏడ్చేసేదాన్ని. కోడళ్లున్నారు. అందుకని "చాల్లెండి సంబడం" అనేసి, వంటింట్లోకి వచ్చి కాసేపు ఊరికే కూచున్నాను.