పక్కింటి నెయ్యి

ఆత్రేయపురంలో పూతరేకులు చేసేవాళ్లం చాలామందిమే ఉన్నాం. కానీ కార్లు మాత్రం మా పక్కింటి డాబా ముందే ఆగుతాయి. కుండ బోర్లించి రేకు తీయడం ఆ ఇంటావిడకు నేర్పింది నేనే. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది.

ఒకసారి రాజమండ్రి బస్సులో ఎవరో పెద్దావిడ పక్కన కూర్చున్నాను. నేనెక్కిన ఊరు చూసి ఆవిడే మాట కలిపింది.

"మీ ఊళ్లో ఆ డాబా ఆవిడ రేకులకు నెయ్యి రాయదంట కదండి. అంతా వనస్పతేనంట."

ఆ సంగతి ఆవిడకెలా తెలుసో నేను అడగలేదు. ఆ మాట చెవికి ఎంత హాయిగా ఉందంటే, బస్సు బొబ్బర్లంక చేరకముందే మా తోడికోడలికి మెసేజ్ పెట్టేశాను. అదీ నా కళ్లతో చూసినట్టే రాశాను.

బస్సు బ్యారేజీ ఎక్కింది. పెద్దావిడ గోదారి వైపు చూస్తూ మళ్లీ మొదలుపెట్టింది.

"ఆ పక్కన పెంకుటింటావిడ మరీ ఘోరమంటండి. ముక్కిన బియ్యంతో రేకు తీస్తుందంట."

ఆ పెంకుటిల్లు మాదే.

"మీకెవరు చెప్పారండి?" అన్నాను, కాస్త గట్టిగానే.

"అందరూ అంటున్నారండి," అని ఆవిడ సంచి సర్దుకుని ధవళేశ్వరంలో దిగిపోయింది.

మెసేజ్ చెరిపేద్దామని ఫోన్ తీశాను. దాని పక్కన అప్పటికే రెండు నీలం టిక్కులు పడ్డాయి. కింద తోడికోడలి జవాబు ఉంది.

"నాకు ముందునుంచీ అనుమానమే అక్కా. అందరికీ చెప్పేశాను."