సబ్బుపెట్టెలో చెవి

మా నాన్న కృష్ణపట్నం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి గిన్నెలకు కళాయి పూసేవాడు. చిల్లులు పడ్డ బిందెలకు, అతుకు పట్టడానికి నవాసారం రుద్ది మాట్లు వేసేవాడు. నేను ఆ పని వదిలి, ఎవరి దగ్గరా చేరకుండా రేడియోలు విప్పుతూ రిపేరు నేర్చుకున్నాను. చెయ్యి మాత్రం ఆయనదే. నా కొంప ముంచింది ఆ చెయ్యే.

కాన్పు తరువాత వచ్చిన జ్వరంతో నా భార్యకు చెవుడు మొదలైంది. మిగిలిన కాస్త వినికిడీ మెల్లగా పోతుందని డాక్టరు చెప్పేశాడు. అప్పుడప్పుడే బిడ్డకు మాటలు వస్తున్నాయి. అది అమ్మా అని పిలుస్తుంటే తల్లి పొయ్యి ఊదుకుంటూ ఉండేది. చూడలేకపోయేవాణ్ణి. చెవి పూర్తిగా పోయేలోపు ఆ పిలుపు ఆమెకు వినిపించాలి, అంతే.

పాత ట్రాన్సిస్టర్ రేడియో విప్పి, మైకూ ఇయర్‌ఫోనూ కలిపి సబ్బుపెట్టెలో అమర్చి ఆమె చెవికి తగిలించాను. బిడ్డ వెనకనుంచి పిలిస్తే ఆమె చేటలో బియ్యం వదిలేసి గిరుక్కున తిరిగింది. ఇద్దరం ఏడ్చాం.

వారం తిరక్కుండా పెట్టె మూగబోయింది. ట్రాన్సిస్టర్లు మార్చి రెండోది చేశాను. అదీ అంతే. సముద్రపు గాలిని తిట్టుకుంటూ మూడోదాన్ని మైనంతో మూశాను. అదీ పోయింది. ఇట్లా ఏడాది గడిచిపోయింది.

చివరికి దాన్ని నెల్లూరులో ఒక రేడియో మెకానిక్‌కు చూపించాను. చిలుము పట్టిన అతుకుల్ని చూడగానే అడిగాడు.

"దేంతో అతికినావు తమ్ముడా?"

"నవాసారంతో. మా నాయన అట్నే చేస్తాడు."

"అది బిందెలకు. ఈ సన్న తీగల్ని తినేస్తాది. దీనికి రోజిన్ బంక పెట్టాల."

మూడు పెట్టెల్నీ చంపింది నేనే. తిరుగు బస్సులో తల ఎత్తలేకపోయాను.

నాలుగోది రోజిన్‌తో అతికాను. ఆమె చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టగానే బిడ్డ వెనకనుంచి పిలిచింది. ఆమె నా ముఖంలోకే చూస్తూ నవ్వింది.

"వినపడతా ఉండాది."

బ్యాటరీ ఇంకా నా చేతిలోనే ఉంది.

దాన్ని పెట్టెలో వేశాను. ఇయర్‌ఫోన్ ముందు నా చెవిలో పెట్టుకుని చూసుకున్నాను. బిడ్డ గొంతు ఖంగుమంది. మళ్లీ ఆమె చెవిలో పెట్టాను. బిడ్డ ఎంత పిలిచినా ఆమె వెనక్కి తిరగలేదు. నా కళ్లు చూసి, అదే నవ్వుతో, "బాగా వినపడతా ఉండాది" అంది.