విమానమైతే గంటన్నరే

మా బండలు పరిచే మేస్త్రిని అందరం పెద్దన్న అనేవాళ్ళం. పనిలో ఆయన చెయ్యీ ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు. తల్లి పోయిందని పొద్దున్నే ఊర్నుంచి తమ్ముడు ఫోన్ చేస్తే, మేమే విమానం ఎక్కమన్నాం.

“రైళ్ళు మారుతూ వస్తే రెండ్రోజులు, విమానమైతే గంటన్నరేనంటరా. వచ్చేస్తున్నా. అమ్మ మొహం నేను చూడకుండా తీసుకెళ్ళకండి” అని తమ్ముడికి చెప్పాడు.

మా పని దగ్గర్నుంచి విమానాశ్రయం చేరడానికే మధ్యాహ్నమైంది. అక్కడ తనిఖీ వరసలో నిలబడి, తర్వాత గేటు దగ్గర పడిగాపులు కాశాడు. విమానం మాత్రం చెప్పినట్టే గంటన్నరలో దిగింది. అక్కడినుంచి ఇంటికి రెండు బస్సులు మారాలి. ఈలోగా ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది.

చీకటి పడ్డాక ఇల్లు చేరితే, వాకిట్లో కుర్చీలు ఎత్తేస్తున్నారు.

“గంటన్నర ప్రయాణానికి పొద్దున్నించి ఎక్కడ చచ్చావురా? ఇంక రాడులే అనుకుని పూడ్చేశాం” అన్నాడు మేనమామ.

తిరిగొచ్చాక పెద్దన్న చెయ్యి ఆడుతోంది గానీ నోరు ఆగిపోయింది. ఒకరోజు బండ సర్దుతూ తల ఎత్తకుండానే నాతో అన్నాడు.

“రైల్లో వస్తున్నానని చెప్పాల్సిందిరా. రెండ్రోజులు పడుతుందని అందరికీ తెలుసు. ఐసులో పెట్టైనా ఆపేవాళ్ళు.”