జీపును బెత్తెడు ఎత్తు చేసినాయన

మా డ్రైవరన్న పోయిన సంగతి నాకు ఆఫీసు చెప్పలేదు. ట్రైనింగుకని కుప్పం నుంచి మదనపల్లెకు వచ్చిన కాంపౌండరొకాయన టీ తాగతా తాగతా, "మీ పాత డ్రైవరు పోయిన మంగళారం పోయినాడు గదమ్మా, మీకు తెలీదా?" అన్నాడు. గుండెనొప్పంట. జీపు షెడ్డు ముందరే కూలబడినాడంట. తెలీదు అన్నాను. ఆయన విషయంలో తెలీదు అని చెప్పడం నాకు పాత అలవాటే. ఆ అలవాటు గురించే ఈ నాలుగు మాటలు రాస్తాండాను.

వారం పోయినాక ఆఫీసులో సంతాప సభ పెట్టినారు. రెండు నిమిషాలు నిలబడుకున్నాము, కూసున్నాము. ఒకాయన కాగితం చూసి చదివినాడు. "నిబంధనలకు కట్టుబడి పనిచేసిన ఉద్యోగి" అంట. ఆ నిబంధనల కిందేసి తొక్కింది మీరే గదయ్యా అనాలనిపించింది. ఎవరన్నా మాట్లాడతారా అని అడిగినారు గానీ నేను లేవలేదు. తొక్కినోళ్ళలో నా కాలు గూడా ఉండింది మరి.

పుంగనూరు దాటి సదుం పోయే పక్క మాది చిన్న ఆరోగ్య కేంద్రం. నేను ఆడ నర్సును, ఆయన జీపు డ్రైవరు. డెబ్బైల చివర్లో మాట ఇది. మా కిందుండే పల్లెల్లో సగం వంకకు అవతలుండేవి. వాన పడితే వంక పారేది, దాని మీద వంతెన లేదు. జీపేమో అరిగిపోయిన జీపు. ఇరుసుల దగ్గర బండి బరువునంతా మోసే వంపు ఇనుప పట్టీలుంటాయే, కమాన్ పట్టీలంటారు, అవి మోసి మోసి వంపు పోయి చదునైపోయినాయి. దాంతో బండి కడుపు నేలను రాసుకుంటా పోయేది. మోకాలి లోతు నీళ్ళుంటే చాలు, ఇంజనులోకి నీళ్ళు పోయి ఆగిపోయేది.

పొద్దున్నే ఆయన చేసే మొదటి పని, భుజమ్మీది తువ్వాలు నేలన పరిచి, దానిమీద మోకాళ్ళూని జీపు కిందకు తొంగిచూడడం. "పైన సొట్టలు అందురికీ కనపడతాయమ్మా. కింద ఏముండాదో మనమే సూసుకోవాల" అనేవాడు. మాటలు తక్కువ మనిషి. కాఫీ మాత్రం గ్లాసు నిండా ఉండాల, అర గ్లాసు పోస్తే ముట్టుకునేవాడు కాదు. జీపు మొరాయిస్తే "ఏమే, నీకేం రోగమే" అని ఇంటామెను కసిరినట్టు కసిరేవాడు. ఇంటామెను ఎప్పుడూ కసరలేదని ఆమే నాకు చెప్పింది.

ఒక వానాకాలం అవతలి పల్లెలో తొలికాన్పు కష్టమైందని కబురొచ్చింది. జీపు వంక నడుమ బండరాయికి తగులుకోని ఆగిపోయింది. ఆ పిల్లను మంచమ్మీద పడుకోబెట్టి, నలుగురు మొగోళ్ళు నడుము లోతు నీళ్ళల్లో ఈ గట్టుకు మోసుకొచ్చినారు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. తడిసిన చీరతో గట్టున కూసోని నేనే అన్నాను, "అన్నా, ఈ జీపును ఎత్తు చేసేదానికి కాదా?" అని. ఈ మాట గుర్తు పెట్టుకోండి. అడిగింది నేను.

ఆయన రెండు దినాలు ఆలోచన చేసి, "పట్టీలు మారిస్తే బెత్తెడు లేస్తాదమ్మా. ఆ బెత్తెడు సాలు మనకు" అన్నాడు. ఆఫీసుకు రాసినాము. ఒకసారి కాదు, మూడుసార్లు రాసినాము. జవాబు లేదు. వేసవి అయిపోవస్తాంటే ఆయనే తేల్చేసినాడు. "ఆళ్ళ కాగితం వచ్చేలోపల మళ్ళా వంక పారతాది. నేను మార్పిస్తా."

మదనపల్లెలో బెంగుళూరు రోడ్డు పక్కన ఒక ఉస్తాదు ఉండేవాడు, పట్టీల పనిలో పెద్ద చెయ్యి. టీకా మందు తెచ్చే పని మీద ఆ పొద్దు నేనూ జీపులోనే పోయినాను. స్క్రాపుకు పోయిన మిలిటరీ బండివి మందపు పట్టీలు ఉస్తాదు దగ్గరుండాయి. వాటిని మా జీపు కొలతకు కోసి, కొలిమిలో ఎర్రగా కాల్చి, వంపు కొట్టినాడు. పట్టీ మీద పట్టీ పెట్టి, ఒక కన్ను మూసి సందులో వెలుతురు చూసేవాడు. వెలుతురు సమంగా లేకుంటే మళ్ళా కొలిమికే. నేను ఎదురుగా బెంచీ మీద కూసోని చూస్తానే ఉండాను.

"సర్కారీ బండి గదా భాయ్. కాగజ్ ఏమన్నా ఉండాదా? రేపు నా మీదికి రాకూడదు సూడు" అన్నాడు ఉస్తాదు.

"వస్తే నా మీదికే వస్తాదిలేప్పా. నువ్వు కొట్టు."

నేను అక్కడే ఉండాను. అడిగింది నర్సమ్మ అని ఆయన ఒక్క మాట అనుంటే ఆ ఉస్తాదన్నా సాక్షిగా మిగిలేవాడు. అనలేదు. ఎత్తు పెరిగితే బ్రేకు గొట్టం చాలదని, దాన్నీ పొడవుది వేయించినాడు. పాత పట్టీలు వదిలిపెట్టిపోవడం ఆ షాపుల్లో అలవాటు. ఈయన ఒప్పుకోలేదు. "అవి గవర్నమెంటువప్పా. రేపు ఎవురన్నా అడిగితే అప్పజెప్పాల" అని తాడేసి కట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. తుప్పు పట్టకుండా నూనె రాసి, గోనెపట్టలో చుట్టి మంచం కింద పెట్టినాడు. బోల్టులు గూడా ఒక డబ్బాలో పోసి పెట్టినాడు. అంత నీతి ఎందుకన్నా అని అప్పుడే తిట్టుండాల్సింది నేను.

జీపు బెత్తెడు లేచింది. లేచినాక ఇంకో చిక్కొచ్చింది. నిండు చూలాలు అంత ఎత్తుకు కాలెత్తి ఎక్కలేదు గదా. మరుసటి దినం మందుల పెట్టె చెక్కలతో ఆయనే ఒక పీట చేసుకొచ్చినాడు. ఆడమనిషి ఎక్కాలంటే దిగొచ్చి పీట కింద పెట్టేవాడు, పెట్టి మొగం అటుపక్కకు తిప్పుకోని నిలబడుకునేవాడు. చీర ఎగదోసుకోని ఎక్కాలంటే వాళ్ళకు సిగ్గని. "ఎక్కినామన్నా" అని లోపల్నించి చెప్పేదాకా ఇటు తిరిగేవాడు కాదు. వాన కురస్తాన్నా అంతే. చెప్పినాక పీట తీసి తన సీటు కిందకు తోసి, అప్పుడు బండి తీసేవాడు.

రెండు వానాకాలాలు ఆ జీపు వంక దాటింది. నీళ్ళలోకి దిగేముందు ఆపి, ఫ్యాను బెల్టు వదులు చేసేవాడు, ఇంజను మీదికి నీళ్ళు చిమ్మకుండా. "నీళ్ళలోకి దిగినాక గేరు మార్సగూడదమ్మా. యాక్సిలేటరు మీంచి కాలు తీయగూడదు. ఏమైనా గానీ అవతలి గట్టే" అనేవాడు. ఒక మధ్యాన్నం నీళ్ళు సీటు కిందకు వచ్చి నా చెప్పులు తేలిపోతాంటే, వెనక్కి పోదాం పదన్నా అని నేను గోల పెట్టినాను. విననట్టే ఉండాడు. గట్టెక్కినాక, "భయమైంది గదా? నాకూ అయింది" అన్నాడు. ఎంతమందిని దాటించినామో నేను లెక్క పెట్టలేదు. ఆయన అసలే పెట్టలేదు. మెట్టదారిలో మాత్రం మలుపొస్తే ఎద్దులబండి మాదిరి నడిపేవాడు, ఎత్తు బండి ఒరగతాదని.

అట్లుండగా జిల్లా నుంచి ఒక ఆఫీసరు తనిఖీకి వచ్చినాడు. పొట్టి మనిషి, బొజ్జ. టీకాలకని బిడ్డల్నెత్తుకోని ఆడోళ్ళంతా వరండాలో ఉండారు. అవతలి పల్లె చూడాలని ఆయన జీపెక్కబోయినాడు, కాలు అందలేదు. మా డ్రైవరన్న మామూలుగానే పీట తెచ్చి పెట్టినాడు. మామూలుగానే మొగం అటు తిప్పుకోని నిలబడుకున్నాడు. వరండాలో ఒక ముసలమ్మ అడిగేసింది, "ఎన్నో నెల సామీ?"

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను, ఎందుకు అబద్ధం? ఆఫీసరు చెవులు ఎర్రబడినాయి. జీపెక్కలేదు. పీట వైపు చూసినాడు, చక్రాల వైపు చూసినాడు. "ఈ బండిని ఎవరు ఎత్తు చేసింది?" అన్నాడు. రెండు వానాకాలాలు వంక దాటినప్పుడు కంటికి ఆనని బెత్తెడు, ఒక పొట్టాయనకు కాలు అందనప్పుడు ఆనింది.

పుంగనూరు బంగళాలో ఎంక్వైరీ పెట్టినారు. అంతకుముందే డ్రైవరన్న ఇల్లు వెతికినారు. మంచం కింద గోనెపట్టలో పట్టీలు దొరికినాయి, నూనె రాసి నిగనిగలాడతా. ప్రభుత్వ సొత్తు ఇంట్లో దాచుకున్నాడని రాసుకున్నారు. "తుప్పు పట్టకుండా కాపాడినాడంటే అమ్ముకునేదానికే గదా" అన్నాడు ఒక మహా తెలివిపరుడు. అప్పజెప్పాలనే పెట్టినా సార్ అని ఈయన చెప్తే ఎవరూ తలెత్తి చూడలేదు. ఉస్తాదుకే ఇచ్చేసుంటే ఈ మాట పడేవాడు కాదు.

నా వంతు వచ్చింది. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. ఇంట్లో ఇద్దరు పిల్లోళ్ళు, ఇంకెవరి సంపాదనా లేదు. ఇవన్నీ నిజాలే. ఈ నిజాలను ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకోని నిద్రపోయినాను. ఆఫీసరు కాగితం నా ముందుకు తోసి, "జీపు మార్చిన సంగతి మీకు తెలుసా? రాసివ్వండి" అన్నాడు. డ్రైవరన్న నాకు ఎదురుగా నిలబడుకోని ఉండాడు. నేను పెన్ను తీసినాను. పెన్ను తీయగానే ఆయన మొగం కిటికీ వైపు తిప్పుకున్నాడు. చూలాలు పీట మీద కాలు పెట్టినప్పుడు ఎట్ల తిప్పుకునేవాడో అట్లనే. నాకు సిగ్గవుతాదని.

నేను రాసినాను. "నాకు తెలియదు" అని రాసి సంతకం పెట్టినాను. నీళ్ళ నడుమ గేరు మార్చినాను నేను.

"ఎవరు చెప్తే చేసినావు?" అని తర్వాత ఆయన్ను అడిగినారు. "ఎవురూ సెప్పలేదు సార్. నాకే తోసింది" అన్నాడు, కిటికీలోకి చూస్తానే.

పాత పట్టీలు మళ్ళా బిగించాలన్నారు. ఆయన్ను జిల్లాకు ఆ కొసనుండే కుప్పానికి మార్చినారు. జీపును మదనపల్లెకు ఆయనే తోలుకోని పోయినాడు. ఈసారి నాకు టీకా మందు పని తగల్లేదు, తగలకుండా చూసుకున్నాను. ఎత్తిన చేత్తో దించనని ఉస్తాదు చెయ్యి పెట్టలేదంట. జాకీ, స్పానర్లు మాత్రం ఇచ్చినాడంట. జీపు కింద పడుకోని తన బెత్తెడు తానే దించుకున్నాడు మా అన్న.

ఊరు విడిచిపోయే పొద్దు పీట పట్టుకోని మా ఇంటికొచ్చినాడు. "బండి దిగిపాయె గదమ్మా, దీంతో ఇంక పనిలేదు. అటక మీద సామాన్లు దించుకునేదానికి పనికొస్తాది, పెట్టుకో" అన్నాడు. కాఫీ ఇచ్చినాను. గ్లాసు నిండా పోసినాను, ఆయన మొగం చూడకుండా అందిస్తాంటే సగం ఒలికింది. మిగిలిన సగం తాగిపోయినాడు. అర గ్లాసు ముట్టని మనిషి.

ఆ యేడు వానలకు అవతలి పల్లెలో ఇంకో పిల్లకు కాన్పు వచ్చింది. కొత్త డ్రైవరు నీళ్ళ దగ్గర ఆపేసినాడు. అతని తప్పేమీ లేదు, ఆ జీపు దాటలేదు. నేను ఈ గట్టున, వాళ్ళు ఆ గట్టున. వరద తగ్గి నేను పోయేసరికి పాడె పక్కన ఆమెకు పసుపు రాస్తాండారు. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ పేరు నాకు తెలియదు అని మాత్రం అనలేను.

తర్వాత చాన్నాళ్ళకు ఆపరేషన్ల క్యాంపుకని కుప్పం పోయినప్పుడు ఆయన్ను చూసినాను. తల పండిపోయింది. తువ్వాలు పరుచుకోని జీపు కిందకు తొంగిచూస్తాండాడు. నన్ను చూసి లేచి, "బాగుండావామ్మా? పిల్లోళ్ళు బాగుండారా?" అన్నాడు. బాగుండారన్నాను. "వంకకు బ్రిడ్జి ఏసినారా?" అన్నాడు. లేదన్నా అన్నాను. తల ఊపి మళ్ళా తువ్వాలు మీద మోకాళ్ళూనినాడు. అంతకంటే ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే, తిట్టి ఉంటే, కాళ్ళ మీద పడుండేదాన్ని. చుట్టూ మనుషులుండారని నేనూ చెప్పలేదు. మనుషులు లేకున్నా చెప్పుండే దాన్ని కాదేమో.

పీట మా వంటింట్లో ఉండాది. ఇన్నేళ్ళలో దానిమీద నేను కాలు పెట్టలేదు. అటక మీది సామాన్లు కుర్చీ వేసుకోని దించుకుంటాను.

ఇప్పుడు నన్ను ఎవరూ అడగలేదు, ఎవరూ కాగితం నా ముందుకు తోయలేదు. అయినా రాస్తాండాను. నాకు తెలుసు. జీపును ఎత్తు చెయ్యమని అడిగింది నేను. పట్టీలకు వంపు కొడతాంటే బెంచీ మీద కూసోని చూసింది నేను. పాత పట్టీలు ఆయన దాచుకోలేదు, అప్పజెప్పేదానికి పెట్టినాడు.

కండ్లు మూసుకుంటే ఆ బంగళాలో, కిటికీ పక్కన, మొగం అటు తిప్పుకోనే కనపడతాడు. చెప్పేదాకా తిరగడు గదా ఆయన. ఆ పొద్దు నేను ఏమీ చెప్పకుండానే లేచి వచ్చేసినాను. రాసింది అయిపోయిందన్నా, ఇటు తిరుగు అని ఇప్పుడు చెప్తాండాను. తిరగడంలేదు.